నాలుగు మంచి మాటలు

రైలు దిగి పంపు వీధి మలుపు తిరిగేలోగా కెజియా హాలిన్‌ని పదకొండు మంది పలకరించారు. పదకొండు మందీ ‘మీరు’ అన్నారు. దేవుణ్ణి కూడా ‘నువ్వు’ అనే ఊరది. ప్రార్థన మందిరం దగ్గర్నుంచి సారా దుకాణం దాకా అందరికందరూ నువ్వే. ‘మీరు’ అనే మాటని మిల్లు యజమానికీ, డాక్టరుకీ, ఎప్పుడో ఓసారి ఊడిపడే బడుల ఇన్‌స్పెక్టరుకీ దాచి ఉంచుతారు. ఆ మాటే ఇవాళ తీసి తన ముందు పెడుతున్నారు. కెజియాకి తల కొట్టేసినట్టయింది.

సబీనా పికప్ అప్పుడే మిల్లు నుంచి వచ్చి, మోకాళ్ళ మీద కూచుని గుమ్మం రాయిని తెల్లసుద్దతో రుద్దుతోంది. కెజియాని చూసి గబగబా లేచి నిలబడింది.

“బాగున్నారాండీ?” అంది.

తనకి ఏడేళ్ళప్పుడు ఇదే సబీనా తన చెవి మెలిపెట్టి, రెండు మోకాళ్ళ మధ్య బిగించి పేలు దువ్వింది.

“పెద్దమ్మా, నేను కెజియానే!”

“తెలుసండీ. లండన్ పేపర్లో మీ పేరు వేశారుట గదండీ.” సబీనా తడిచెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుంది. తుడుచుకుంది గానీ చాపలేదు.

నాలుగిళ్ళవతల టామర్ ఎంట్విసిల్ తలుపు బార్లా తెరిచి, పిండి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. పదిహేనేళ్ళప్పటి నుంచి పాతికేళ్ళు వచ్చేదాకా పక్కపక్క మగ్గాల మీద పనిచేశారిద్దరూ.

“ఒసే, వచ్చావా! ఆ టోపీ ఏమిటే, కోడిపెట్ట చచ్చి నెత్తిన పడ్డట్టు? రా లోపలికి, చలికి బిగుసుకుపోయి చస్తావు.”

కెజియాకి కళ్ళనీళ్ళు తిరిగినంత పనయింది. ఆ వీధి మొత్తానికి తనని నువ్వనేది ఇదొక్కతే. ఆ టోపీ తీసి అవతల పారేసి దాన్ని కావలించుకుంది. సిల్కు గౌను నిండా పిండి అంటుకుంది.

ఆమె వచ్చింది ఊరి మీద బెంగతో కాదు. ఆ మాట వచ్చిన రోజే చెప్పుకోవడం న్యాయం. మూడో నవల మొదటి మూడు అధ్యాయాలు చదివి ప్రచురణకర్త తిప్పి పంపాడు. ‘మీ మొదటి పుస్తకంలో మిల్లు జనం మాట్లాడారు. ఇందులో మీరే మాట్లాడుతున్నారు’ అని ఒక్క ముక్క రాశాడు. ఆ ఒక్క ముక్కకి వారం రోజులు అన్నం సయించలేదు. ఆఖరికి ఓ చిన్న నోటుపుస్తకం కొనుక్కుని, నాలుగు రోజులు ఆ మాటలు చెవిన వేసుకుందామని రైలెక్కింది. మాటలే ఆమె అన్నం. అవి దొరక్కపోతే లండన్‌లో ఆమెకి అద్దె గదీ లేదు, పేరూ లేదు.

తీరా వచ్చాక మాటలు ఎవరిస్తున్నారు? టామర్ వంటింట్లో పొయ్యి పక్క కుర్చీలో ఆమె కూచుంటే, వచ్చిన ప్రతివాళ్ళ నోటికీ గంజి పెట్టినట్టవుతోంది. ‘వాతావరణం బాగుందండీ’, ‘దేవుడి దయండీ.’ పెరట్లోకి వెళ్ళి వచ్చేలోగా లోపల గొల్లుమని నవ్వులు. తలుపు తోస్తే మళ్ళీ గంజి. నోటుపుస్తకంలో మొదటి పేజీ తెల్లగా ఉండిపోయింది.

ఆ గురువారం సాయంత్రం టీలయ్యాక ఇల్లు నిండిపోయింది. సబీనా తన కుర్చీ తనే మోసుకొచ్చింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు శాలువాలు కప్పుకునే మెట్ల మీద కూచున్నారు. ఊళ్ళో వారపత్రిక వచ్చే రోజది. టామర్ మొగుడు జాబెజ్, మిల్లులో మగ్గాల మేస్త్రి, కళ్ళజోడు పెట్టుకుని పత్రిక విప్పాడు. ఎన్నికలూ వద్దు, మరణాలూ వద్దు. తిన్నగా నాలుగో పేజీకి వెళ్ళాడు.

“‘పోగుల పెగ్గీ కబుర్లు,’” అని చదివాడు. అప్పుడే నవ్వు మొదలైంది.

ఆ వారం కబురు ఇదీ. మిల్లు షెడ్డులో మగ్గాల హోరుకి చెవులు పనిచెయ్యవు గదా. అక్కడ మాటంతా పెదాల మీదే. శబ్దం లేకుండా పెదాలు సాగదీసి, కళ్ళూ చేతులూ తిప్పి, ఇరవై మగ్గాల అవతల ఉన్నవాళ్ళతో కూడా వంటలూ వియ్యాలూ మాట్లాడేసుకుంటారు. అలాంటి షెడ్డులోకి ఓ మేస్త్రి రెండు గ్లాసులు బిగించి వచ్చాడట. వెనకాలే యజమాని వస్తున్నాడు. ఆరు మగ్గాల అవతల నుంచి పెళ్ళాం పెదాలతో మొత్తుకుంది: ‘పరువు తియ్యకు!’ పెదాల మీద పరువుకీ బరువుకీ తేడా ఏముంది? మేస్త్రి సరేనని తలూపాడు. మగ్గం వెనక పడుగు బిగువు కోసం వేలాడేసే ఇనప బరువులున్నాయే, తియ్యాల్సినవి ఒక్కటీ తియ్యలేదు. పడుగంతా డోలు చర్మంలా బిగిసి, పోగులు టపటపా తెగి, గుడ్డ సర్వనాశనం. యజమాని కళ్ళెర్రజేశాడు. పెళ్ళాం పరిగెత్తుకొచ్చి చెవిలో అరిచింది. అప్పుడు మేస్త్రి ఛాతీ విరుచుకుని, ‘బరువు భద్రంగా ఉందండీ, పరువు సంగతి ఇప్పుడే తెలిసింది’ అన్నాడట.

సబీనా కళ్ళు తుడుచుకుంది. “ఆ చివరి ముక్క మళ్ళీ చదవరా జాబెజ్. చదవరా, నీ కడుపు చల్లగుండ.”

జాబెజ్ మళ్ళీ చదివాడు. మెట్ల మీద కూచున్నావిడ అతని కంటే ముందే అప్పజెప్పేసింది.

కెజియా కూడా నవ్వింది. నవ్వు ఆగక నవ్వింది, పక్కటెముకలు నొప్పి పుట్టేలా. అందుకే మండింది ఆమెకి. నవ్వు రాకపోతే హాయిగా ఉండేది. ‘ఏదో పల్లెటూరి మోటు సరసం’ అనుకుని ఊరుకునేది. ఆ బరువూ పరువూ తనకెందుకు తట్టలేదు? తనూ పదేళ్ళు పెదాల మీదే బతికింది గదా!

“ఎవరీ పెగ్గీ?” అంది.

అందరూ టామర్ కేసి చూశారు. టామర్ గిన్నెలు కడిగే తొట్టి మీదికి వంగిపోయింది. మెడ వెనక ఎర్రబడింది.

“ఏడాదిన్నరై రాస్తోంది,” అన్నాడు జాబెజ్. “మేస్త్రులంతా నా మొహమే. ఊళ్ళో తలెత్తుకు తిరగలేకపోతున్నా.” అంటూనే ఇంత పొడుగున తలెత్తుకున్నాడు.

“ముడిసరుకు ఇంట్లోనే ఉంటే బయటెందుకు కొనడం?” అంది టామర్, వెనక్కి తిరక్కుండానే. మళ్ళీ ఇల్లెగిరిపోయింది.

కెజియా చూసింది. అందరి మొహాలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, చలికాలంలో పొయ్యి వైపు తిరిగినట్టు. తన వైపు ఒక్క మొహం లేదు. ఈ చూపు తనకి దక్కాలని గదా పన్నెండేళ్ళు రాసింది! లండన్‌లో ఎవరు మెచ్చినా లోపల్లోపల ఈ వంటింటినే ఊహించుకుంది. ఆ చూపు ఇదిగో, రోజుకి పదిగంటలు నాలుగు మగ్గాలు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు రాసిపారేసే టామర్‌కి దక్కింది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది కెజియాకి.

అందరూ వెళ్ళాక టామర్ అదే తొట్టి దగ్గర, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ అడిగింది.

“ఒసే. లోమాక్స్ ఇవన్నీ కలిపి పుస్తకం వేస్తానంటున్నాడు. పత్రిక వేసే లోమాక్స్. శనివారం మధ్యాహ్నానికి అచ్చు బిగించాలట. ముందు పేజీలో నాలుగు మంచి మాటలు రాసిపెట్టవే.”

“నేనా?”

“పాస్టరు రాస్తానన్నాడు. వద్దన్నా. ఆయనకేం తెలుసు, పడుగెటో పేకెటో తెలీదు. మగ్గం తెలిసినదాని చేత రాయించుకోవాలని...” కప్పు బోర్లించింది. “నువ్వు రాయకపోతే ఆ పేజీ ఖాళీగానే వేయిస్తా. ఇంకెవరూ వద్దు.”

“ఎందుకు రాయనే, పిచ్చిదానా,” అంది కెజియా. గొంతు ఎంత తీయగా వచ్చిందో ఆమెకే తెలిసింది.

శుక్రవారం పొద్దున ఆరింటికి మిల్లు కూత కూసింది. చెక్క అడుగుల చెప్పులు వీధంతా టకటకలాడించుకుంటూ జనం వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ. కెజియా కాగితం పెట్టుకుని కూచుంది. టామర్ కబుర్లన్నీ ఒక మూటగా కట్టి టేబులు మీద పెట్టి వెళ్ళింది. ఒకటి చదివింది, నవ్వింది. రెండోది చదివింది, నవ్వింది. మూడోది చదివి మూట కట్టేసింది. ఎక్కడైనా ఒక్క చచ్చుమాట దొరుకుతుందేమోనని వెతుకుతున్నానని అప్పుడు అర్థమైంది. దొరకలేదు.

తొమ్మిదింటికి శాలువా కప్పుకుని బయటపడింది. కార్మికుల గ్రంథాలయం తెరిచి ఉంది. దాన్నీ లోమాక్సే చూసుకునేవాడు. ముక్కు మీద ఎప్పుడూ సిరా మరక ఉండే పొట్టి మనిషి.

“మా పుస్తకాలున్నాయా?” అంది నవ్వుతూ. తన పుస్తకాన్ని ‘మా’ అనడం లండన్‌లో అలవాటైంది.

“లేకేమండీ!” లోమాక్స్ నిచ్చెనెక్కి ఆమె మొదటి నవల మూడు సంపుటాలూ దింపాడు. తోలు అట్ట ధగధగలాడుతోంది. “చాలా జాగ్రత్తగా పెట్టామండీ. ఎవరూ పాడుచెయ్యలేదు.”

పాడుచెయ్యలేదు, నిజమే. ఆ రోజుల్లో పుస్తకం పేజీలు అంచులు అతుక్కునే వచ్చేవి, చదివేవాళ్ళే కోసుకోవాలి. మొదటి సంపుటంలో అరవయ్యో పేజీ దాకా కాగితాలు కత్తితో కోసి ఉన్నాయి. తర్వాత అన్నీ అతుక్కునే ఉన్నాయి, ప్రెస్సులోంచి వచ్చినవి వచ్చినట్టే. రెండూ మూడూ సంపుటాల్లో కత్తి పడ్డ పేజీ ఒక్కటి లేదు. తను పుట్టి పెరిగిన వీధి గురించి తను రాసింది. ఈ వీధిలో మనిషన్నవాడు ఒక్కడు కూడా అరవై ఒకటో పేజీ చూడలేదు.

పక్క బల్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి తెరిచి ఉంది. పత్రికలోంచి కత్తిరించి అంటించిన కబుర్లు. అంచులన్నీ నల్లబడి, మగ్గం నూనె వేళ్ళ ముద్రలతో, ఓ చోట బెల్లం పాకం మరకతో, నలిగి నలిగి గుడ్డలా మెత్తబడి ఉంది.

“అది మటుకు పూర్తిగా పాడైపోయిందండీ,” అన్నాడు లోమాక్స్ నొచ్చుకుంటూ. “ఇది మూడోది. రెండు ఇప్పటికే చిరిగిపోయాయి. అందుకే అచ్చు వేయాలనుకున్నా. మీ మాట ముందుంటే ఇంకేం కావాలండీ!”

కెజియా ఆ నూనె మరకల మీద వేలు పెట్టింది. తన పుస్తకం మీద ఒక్కటంటే ఒక్క మరక ఉండి ఉంటే బావుండునని ఎంత కోరుకుందో! లండన్‌లో విందుకి వెళితే ఆ ఇంటావిడ తన భుజం మీద చెయ్యేసి ‘మా నేతగత్తె’ అని పరిచయం చేస్తుంది. కూచున్నవాళ్ళు ముందు ఆమె వేళ్ళకేసి చూస్తారు, తర్వాత మొహంకేసి. ‘ఆ మిల్లు యాస ఓసారి మాట్లాడి వినిపించరూ!’ అంటారు. అక్కడ మిల్లుది, ఇక్కడ దొరసాని. రెంటికీ చెడ్డ రేవడి. టామర్‌కి ఈ బాధేం తెలుసు? దానికి ఊరుంది, మొగుడున్నాడు, మగ్గాలున్నాయి. ఇప్పుడు రాతా కావాలిట. రాత ఒక్కటే కదా తనకున్నది, అది కూడానా?

ఇంటికొచ్చి కలం తీసింది. గంటలో అయిపోయింది. ఇంత సునాయాసంగా ఆమె ఈ మధ్య ఏదీ రాయలేదు.

‘ఈ చిన్ని పొత్తమును రచించినయామె యొక మిల్లు కూలి. ఈమెకు వ్యాకరణజ్ఞానము లేదు. కలదని నటింపనూ లేదు. పాఠకులు దీనియందు కళను వెదకరాదు. గడ్డిపూవునందు గులాబి పరిమళమును వెదకువారెవరు? దినమెల్ల నాడెలు నింపు మోటువ్రేళ్ళు సాయంకాలమున కలమును పట్టుటయే యొక వింత. ఆ వింతను వింతగానే యాదరింప సహృదయులను వేడుకొనుచున్నాను. ఇట్లు, కెజియా హాలిన్.’

ఇందులో తిట్టు ఒక్కటి లేదు. ఎవరు చూసినా మెచ్చుకున్నట్టే ఉంటుంది. ఆ మోటువేళ్ళ వాక్యం మాత్రం ఆమె సొంతం కాదు. తన మొదటి పుస్తకం వచ్చినప్పుడు లండన్ పత్రికలో ఓ పెద్దమనిషి తన గురించి రాసిన వాక్యమది. ఆ కాగితాన్ని ఆ రోజే పొయ్యిలో పడేసింది. కాగితం కాలింది గానీ వాక్యం కాలలేదు. పేరు తెలియని ఆ పెద్దమనిషిని ఎన్నేళ్ళు శపించిందో! అదెక్కడ గుచ్చుకుంటుందో, ఎంత లోతుగా దిగుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలిసే రాసింది. తెలియక రాసిందని నేనంటే అబద్ధమాడినట్టే.

సాయంత్రం టామర్ వచ్చింది. జుట్టు నిండా పత్తి నూగు. శాలువా కూడా తియ్యకుండా కాగితం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మాట మాట కిందా వేలు పెట్టి చదివింది. ఆ వేలు ఒక చోట ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత చివరిదాకా వెళ్ళింది.

“బాగుందా?” అంది కెజియా.

“పెద్ద పెద్ద మాటలు,” అంది టామర్. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. “రేపు మిల్లులో అందరికీ వినిపిస్తా. అటునించి అటే లోమాక్స్‌కి ఇచ్చేస్తా.”

“అందరికీ ఎందుకే?”

“పుస్తకం వాళ్ళది గదా.”

అంతే. బంగాళదుంపలూ మాంసమూ పెట్టి కాల్చిన రొట్టె కోసింది. కరకరలాడే అంచు ముక్క ఎప్పట్లాగే కెజియా పళ్ళెంలో వేసింది. కెజియా దాన్ని పళ్ళెం అంచుకి తోసింది. జాబెజ్ మాత్రం పక్క షెడ్డు మేస్త్రి పందెపు పావురం గురించి మొదలుపెట్టి భోజనం అయ్యేదాకా చెప్పాడు.

శనివారం మిల్లు ఒంటిగంటకి ఆగుతుంది. పొద్దుట్నుంచీ కెజియా ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. పన్నెండున్నరకి ఇక ఆగలేకపోయింది. ఆ కాగితం వెనక్కి తీసుకోవాలి. ‘తప్పులున్నాయి, దిద్దిస్తాను’ అని అడిగి పుచ్చుకుని, మంచిది ఇంకోటి రాసివ్వాలి. నిజంగానే అలా అనుకుంది. అదే మనసులో ఇంకో మూల, టామర్ మొహం వాడిపోతే చూడాలనీ ఉంది. రెండూ కలిసే ఆమెని మగ్గాల షెడ్డు గుమ్మం దాకా నడిపించాయి.

తలుపు తోయగానే హోరు మీద పడింది. మూడొందల మగ్గాలు. పన్నెండేళ్ళయినా కాళ్ళ కింద నేల అదురు అదే. వేడి, తడి, నూనె కంపు. టామర్ రెండో వరసలో తన నాలుగు మగ్గాల మధ్య ఉంది. ఒక మగ్గం ఆపింది. పేక దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోంచి అయిపోయిన దారపు కండె తీసింది, కొత్తది గుచ్చింది, నాడె కంటికి నోరు పెట్టి దారాన్ని గుక్కతో లాగింది, నాడె పెట్టెలో పెట్టి మగ్గం నడిపింది. ఇదంతా నాలుగైదు అంకెలు లెక్కపెట్టేలోగా. కెజియా పెదాలు తెలియకుండానే ముడుచుకున్నాయి.

తర్వాత టామర్ రవికెలోంచి కాగితం తీసింది. మగ్గం పైకమ్మీకి ఆనించింది. చెయ్యెత్తి పిలిచినట్టు ఊపింది. వరసంతా తలలు తిప్పారు.

టామర్ ముక్కు పైకెత్తింది. లేని గౌను కుచ్చెళ్ళు రెండు చేతులతో పట్టుకుంది. చిటికెన వేలు టీకప్పు పట్టుకున్నట్టు నిలబెట్టింది. కనురెప్పలు సగం వాల్చి, పెదాలని తేనె పూసినట్టు గుండ్రంగా చుట్టి మొదలుపెట్టింది.

‘ఈ... చిన్ని... పొత్తమును...’

కెజియాకి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఈ చదువు మరిచిపోలేదు ఆమె. తన వాక్యం టామర్ పెదాల మీద, శబ్దం లేకుండా, వంకర్లు తిరుగుతూ నడుస్తోంది. ఆ వరస దాన్ని అందుకుని వెనక్కి తిరిగి మూడో వరసకి అప్పజెప్పింది. మూడో వరస నాలుగో వరసకి. ‘వ్యాకరణజ్ఞానము లేదు’ అన్నప్పుడు టామర్ జేబులోంచి లేని కళ్ళజోడు తీసి ముక్కున పెట్టుకుంది. గడ్డిపూవు దగ్గర నేల మీంచి పత్తి నూగు ఏరి, ముక్కు దగ్గర పెట్టుకుని, పరిమళానికి మూర్ఛపోయినట్టు మగ్గం మీద వాలింది. సబీనా కడుపు పట్టుకుని నేల మీద కూలబడింది. షెడ్డు అవతలి కొసన జాబెజ్ పానా పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉన్నాడు. వంద నోళ్ళు తెరుచుకున్నాయి. మగ్గాల హోరు తప్ప ఏ నవ్వూ వినబడదు.

‘మోటువ్రేళ్ళు’ దగ్గరికొచ్చేసరికి టామర్ తల ఎత్తింది. గుమ్మంలో కెజియాని చూసింది. ఒక్క క్షణం పెదాలు ఆగాయి. మొహం మీది వేషం జారిపోయి కింద అసలు మొహం కనిపించింది. ఎవరూ చూడలేదు, కెజియా చూసింది. వాడిన మొహం చూద్దామని వచ్చిందిగా, చూసింది. చూసి తట్టుకోలేక తలుపు చెక్క పట్టుకుంది.

టామర్ మళ్ళీ ముక్కు పైకెత్తింది. పదివేళ్ళూ చాపి, పురుగుల్ని చూసినట్టు వాటికేసి చూసుకుని, ఆ వాక్యం పూర్తిచేసింది. వింతని వింతగా ఆదరించమంది. ‘ఇట్లు’ అని, గుమ్మం కేసి చెయ్యి చాపి, కెజియా మిల్లులో ఉన్న కాలం నాటి పిలుపుతో, పెదాలు చెవుల దాకా సాగదీసి ‘మన కెజియా!’ అంది.

అందరూ ఇటు తిరిగారు. ఒంటిగంటయింది. మిల్లు ఇంజను ఆగింది.

మగ్గాలు తిప్పే తోలు పట్టాలు తిరగడం మాని షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఇక చీరేస్తారు నన్ను అనుకుంది కెజియా. చీరేస్తే బావుండుననీ అనుకుంది. అప్పుడు వినబడింది నవ్వు. అంతమందీ ఒక్కసారి, పైకప్పు అద్దాలు గలగలలాడేలా.

“ఒసే కెజియా! ఎంత బాగా దింపావే ఆ దొరసానుల్ని!”

“వెదకరాదుట! నీ ముక్కు పగలగొట్ట, వెదకరాదుట!”

“లండన్ వెళ్ళి నువ్వు నేర్చుకొచ్చిందిదా? చూడవే దీన్ని, ఎంత అమాయకంగా నిలబడిందో!”

సబీనా జనాన్ని తోసుకుంటూ వచ్చి, నూనె చేత్తో కెజియా వీపు మీద ఒక్కటి చరిచింది. సిల్కు మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. “నువ్వు దొరసానివైపోయావేమోనని రెండ్రోజులు ‘అండీ’ ‘అండీ’ అని నాలిక నొప్పి పుట్టించుకున్నా గదే, ముండా! ముందే చెప్పొచ్చుగా, నువ్వు నువ్వే అని!”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. అది వెక్కిరింత కాదు, నేను అన్నమాటే అది, నా కడుపులో కుళ్ళది, అని. కెజియా నోరు తెరిచింది. చుట్టూ చూసింది. అందరి మొహాలూ తన వైపే తిరిగి ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ఊహించుకున్న చూపది. నోరు మూసుకుంది. తేలు కుట్టిన దొంగలా నవ్వింది. నవ్వుతూ వాళ్ళతో పాటే మెట్లు దిగింది. ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు, ఎవరో నడుం మీద చెయ్యేశారు.

లోమాక్స్ ప్రెస్సు గుమ్మంలోనే నిలబడి కాగితం చదివాడు. “ఓహో! దొరల భాషని ఉతికి ఆరేశారే!” అని సిరా ముక్కుతో పొంగిపోయాడు. “అరిగిపోయిన పెద్దక్షరాలున్నాయి, వాటితో వేస్తా, అచ్చం ప్రభుత్వ ప్రకటనలా! ఇంటింటా అప్పజెపుతారు చూడండి. చూడు! చూడు కెజియా!” అని తన మాట తనే దిద్దుకుని సిగ్గుపడ్డాడు.

వాళ్ళు అప్పజెపుతారు, సందేహం లేదు. మూడు సంపుటాలు రాసి సంపాదించలేనిది ఏడు వాక్యాలతో దొరికింది. అదీ టామర్ పుస్తకంలో. అదీ టామర్ పెదాల మీద నుంచి పడితే. కెజియాకి అంత సిగ్గులోనూ లోపల ఏదో కలుక్కుమంది. అది ఏమిటో ఆమెకి తెలుసు. ఇంకా చావలేదు అది.

పంపు వీధిలో ఎవరింటికి వాళ్ళు విడిపోయారు. ఇద్దరే మిగిలారు. టామర్ తలొంచుకుని, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ నడుస్తోంది.

“టామర్,” అంది కెజియా. “ఎందుకలా చేశావే? ఉన్నది ఉన్నట్టు చదివి, ‘కెజియా నా గురించి రాసింది ఇదీ’ అని చెప్పెయ్యాల్సింది.”

“చెబితే?”

“నన్ను తరిమేసేవాళ్ళు. నీకు న్యాయం జరిగేది.”

“ఈ వీధిలోంచి పుస్తకం రాసిన మనిషి ఒక్కత్తే వెళ్ళింది,” అంది టామర్. “నీ పుస్తకం ఎవరూ చదవలేదు, సరే. కానీ సబీనా ప్రతి కొత్తమనిషికీ చెబుతుంది, మా వీధి పిల్ల అని. వాళ్ళ దగ్గర అదొక్కటే ఉంది చెప్పుకోడానికి. నాకు కోపం వచ్చిందని అదీ లాక్కోనా?”

“నీకూ... నువ్వూ రాస్తున్నావుగా. వాళ్ళకి నువ్వున్నావు.”

“నేను నవ్విస్తాను. నేను వాళ్ళలో దాన్ని. నిన్ను చూసుకుని గర్వపడ్డారే వాళ్ళు.” టామర్ తన వేళ్ళకేసి ఓసారి చూసుకుని శాలువా కిందికి లాక్కుంది. “ఆ వాక్యం ఎక్కడ దొరికిందే నీకు? అంత బాగా కుట్టేది మనంతట మనకి రాదు. ఎవరో నిన్ను కుడితే దాచుకుని ఉంటావు.”

కెజియా నిలబడిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. “క్షమించవే. నీ కాళ్ళు పట్టుకుంటా. ఓర్వలేకపోయానే, నీ మీద కుళ్ళుకున్నా...”

“తెలుసు,” అంది టామర్.

ఇల్లొచ్చింది. టామర్ తలుపు తోసింది. ఎప్పుడూ తనే ముందు దూరి, ‘రావే’ అని వెనక్కి చూడకుండా అరిచే మనిషి, ఇవాళ గుమ్మం పక్కకి ఒదిగి నిలబడింది. కెజియా లోపలికి వెళ్ళేదాకా అలాగే ఉంది. వెనకనుంచి వచ్చి, పొయ్యి పక్క మంచి కుర్చీని ఏప్రన్‌తో దులిపింది.

బయట సబీనా గొంతు వీధంతా మోగుతోంది. “ఒసే కెజియా! సాయంత్రం మా ఇంటికి రావే! నువ్వు రాకపోతే నేనే వచ్చి జుట్టు పట్టి ఈడ్చుకొస్తా!”

టామర్ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అల్మరా పై అరలోంచి అతిథుల కోసం ఉంచిన పూల కప్పు దింపింది. పాలగిన్నె పట్టుకుని, పదేళ్ళు రోజూ పక్క మగ్గం దగ్గర నిలబడి ఒకే డబ్బాలో టీ పంచుకున్న మనిషి, కెజియా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

“మీరు పాలు పోసుకుంటారాండీ?”